నెరసిన తల – నప్పే రంగు

తల తెల్లబడినదని చెప్పడానికి తెలుగులో రెండు క్రియలున్నవి. ఒకటి నెరయడం, రెండవది పండడం. ఆకు పండినట్లు, కాయ పండినట్లు తల కూడా పండుతుందని మన పూర్వులు భావించినారు. అందుకే తలపండినవాడు అంటే ముసలివాడని కాదు, లోకం చూచినవాడని అర్థం. ఇంత గౌరవం ఇమిడిన మాటను చేతిలో ఉంచుకొని, మొదటి తెల్లవెంట్రుక కనబడగానే అద్దం ముందు నిలబడి దానిని పీకివేయని తెలుగువాడిని నేనింతవరకు చూడలేదు. భాష ఒక దారిని, మనసు ఇంకొక దారిని పోతున్నవి. ఈ వైరుధ్యం మన కాలపు వింత కాదని, కనీసం పదునైదు వందల ఏండ్ల వయసు గలదని చెప్పడానికే ఈ వ్యాసం.

పాతకథలలో తెల్లవెంట్రుక ఒక దూత. జాతకకథలలో మిథిలానగరాన్ని ఏలిన మఖాదేవుడనే రాజు ఉన్నాడు. తన తలలో నెరసిన వెంట్రుక కనబడిన నాడు చెప్పవలసినదని ఆయన క్షురకుడికి ముందే ఆజ్ఞాపించి ఉంచినాడు. ఆ రోజు వచ్చింది. క్షురకుడు బంగారు పట్టకారుతో ఆ వెంట్రుకను తీసి రాజు అరచేతిలో పెట్టినాడు. రాజు అతడికి ఒక గ్రామం బహుమానమిచ్చి, కొడుకుకు రాజ్యమప్పగించి, మామిడితోపులోకి తపస్సుకు వెళ్ళినాడు. కాళిదాసు రఘువంశంలో దశరథుడి చెవి దగ్గర నెరసిన వెంట్రుక కూడా ఇదే పని చేసింది. ముసలితనం ఆ రూపంలో వచ్చి రాముడికి రాజ్యమిమ్మని చెవిలో చెప్పినదట. చెవి దగ్గరే ఎందుకు నెరసినదంటే రహస్యం చెప్పడానికి అనువైన చోటు అదే గదా! కణతల దగ్గర జుట్టు ముందుగా నెరయడం చాలామందిలో చూచేదే. కవికి ఆ ఎరుక ఉన్నది.

ఇక ఆరవ శతాబ్దిలో ఉజ్జయిని ప్రాంతపు వరాహమిహిరుడి దగ్గరకు వస్తే గొంతు పూర్తిగా మారిపోతుంది. బృహత్సంహితను జ్యోతిషగ్రంథంగానే చాలామంది ఎరుగుదురు గాని, అందులో వానలు, రత్నాలు, నూతులు, ఇండ్లు, సుగంధద్రవ్యాలు అన్నీ ఉన్నవి. గంధయుక్తి అనే అధ్యాయం అత్తరుల తయారీకి సంబంధించినది. ఆ అధ్యాయం మొదలయ్యేది పరిమళంతో కాదు, తలకు వేసే రంగుతో. నెరసిన తలవాడికి పూలు, ధూపాలు, వస్త్రాలు, నగలు ఏవీ శోభించవు గనుక, కాటుకకు, ఆభరణాలకు ఎంత శ్రద్ధ తీసుకొంటామో జుట్టు రంగుకు కూడా అంత తీసుకోవలెనని ఆయన నిస్సంకోచంగా చెప్పినాడు. మఖాదేవుడి మామిడితోపు ఇక్కడ ఎక్కడా లేదు.

ఆయన చెప్పిన పద్ధతి వినదగినది. ఇనుప పాత్రలో అరికల బియ్యాన్ని ఇనుపరజనుతో సహా పులిసిన ద్రవంలో (మన తరవాణి వంటిదనుకోండి, ఇంకా పుల్లనిది) ఉడికించి మెత్తగా నూరవలె. తలను ముందుగా అటువంటి పుల్లని ద్రవంతోనే తడిపి, ఈ ముద్దను పట్టించి, పచ్చి ఆకులతో తలను చుట్టుకొని రెండు జాములు కూర్చోవలె. తరువాత దానిని తీసివేసి ఉసిరిక ముద్ద పట్టించి, మళ్ళీ ఆకులు కప్పి ఇంకో రెండు జాములు. ఆ పైన కడిగితే తల నల్లనౌతుంది. జాము అంటే మూడు గంటలు గనుక మొత్తం పన్నెండు గంటల పని. చివరకు ఇనుము వాసన, పులుపు వాసన పోవడానికి సుగంధతైలాలతో తలంటుకొని, ధూపం వేసుకొని, రాజు అంతఃపురసుఖాన్ని అనుభవించవచ్చునట. పన్నెండు గంటలు తలకు ఆకులు చుట్టుకొని కూర్చున్న మహారాజును ఊహించుకొంటే నవ్వు వస్తుంది. ఇప్పటి క్షౌరశాలలో నెత్తిన వెండికాగితాలు చుట్టుకొని కూర్చున్నవారిని చూచినప్పుడూ నాకు ఆ మహారాజే గుర్తుకు వస్తాడు.

నవ్వు సంగతి అలా ఉంచి, అందులోని పనితనం చూడండి. పులుపులోని ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. కరిగిన ఇనుము వెంట్రుకకు పట్టుతుంది. అరికల గంజి ముద్ద జారిపోకుండా నిలుపుతుంది. పచ్చి ఆకులు తడి ఆరనివ్వవు. ఆ మీద ఉసిరికలోని వగరు పదార్థం, అంటే టానిన్, ఇనుముతో కలిసి నల్లని రంగుగా మారుతుంది. ఇదే రసాయనచర్య మన పాత సిరాలో ఉన్నది. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి పూర్వం సిరా కాచేవారు. అన్నభేది అంటే ఇనుపలవణమే. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు చేసేదీ ఇదే. గుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరవేస్తారు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో వారాల తరబడి ఊరబెట్టి కసిమి తయారు చేస్తారు. కలంతో ఆ కసిమి గుడ్డను తాకిన క్షణాన గీత నల్లబడుతుంది. ఒకే విద్య తాళపత్రం తరువాత కాగితం మీద అక్షరమై, గుడ్డ మీద రామాయణమై, రాజు తల మీద యౌవనమై వెలసింది. ఇండ్లలో గోరింటాకు పొడిని టీ డికాక్షనుతో ఇనుప మూకుడులోనే రాత్రంతా నానబెట్టే ఆడవాళ్ళకు వరాహమిహిరుడి పేరు తెలియకపోవచ్చు. కాని ఆ మూకుడు ఆయనదే. టీలో వగరు ఉన్నది, మూకుడులో ఇనుము ఉన్నది.

ఈ ప్రకరణంలో ఒక మాట మాత్రం ఎంత వెదకినా కనబడదు. ఏ మేనిఛాయ గలవాడు ఏ రంగు వేసుకోవలె అన్న ప్రస్తావన లేదు. రంగు ఒక్కటే, నలుపు. ప్రశ్న కూడా ఒక్కటే, వయసు కనబడడమా, దాచడమా. చరకసంహితలో చెప్పిన మహానీలతైలమైనా, తరువాతి వైద్యగ్రంథాలలో గుంటగలగరాకు, నీలి, త్రిఫలాలతో కాచిన నూనెలైనా పలితానికి చికిత్సలుగా చెప్పినవే. పలితమంటే నెరపు. అది వారి దృష్టిలో ఒక రోగం. నెత్తిమీదకు వచ్చిన వెంట్రుకలో జీవకణాలు ఉండవు గనుక, తెల్లబడినదానిని ఏ నూనే లోపలి నుండి మళ్ళీ నల్లబరచలేదు. పైన పూతగా నిలిచే రంగు ఎంతో అంతే. ఈ మాట అన్నందుకు ఆయుర్వేదాభిమానులు నన్ను మన్నించవలె.

మేనిఛాయకు తగిన రంగు అన్న ఆలోచన ప్రాచీనకాలంలో ఇతరదేశాలలో మాత్రం ఉన్నదా? రోమకుల కథ చూస్తే వారిది వేరే వెర్రి. ప్లినీ అనే పండితుడు తన ప్రకృతిచరిత్రలో జుట్టు నల్లబడడానికి జలగలను సారాలోనో, సీసపు పాత్రలో వెనిగరు పోసో కుళ్ళబెట్టే పద్ధతి చెప్పి, అది పూసుకొనేటప్పుడు నోట్లో నూనె ఉంచుకోకపోతే పండ్లు కూడా నల్లబడతాయని కొందరంటున్నారని వ్రాసినాడు. గాలు జాతివారు మేకకొవ్వు, బూడిద కలిపి జుట్టు ఎర్రబడడానికి వాడినదే సబ్బుకు మూలమని కూడా ఆయన మాటవల్లనే తెలుస్తున్నది. సీసపుభస్మం, సున్నం కలిపిన గ్రీకు రోమను పూత ఒకటి ఉండేది. దానిని 2006లో ఫ్రాన్సులో ఫిలిప్ వాల్టర్ బృందం మళ్ళీ తయారు చేసి చూచింది. వెంట్రుకలోని గంధకంతో సీసం కలిసి, వెంట్రుక లోపలనే అతిసూక్ష్మమైన నల్లని స్ఫటికాలు ఏర్పడుతున్నవని తేలింది. రెండువేల ఏండ్ల కిందటి పద్ధతి అంత సూక్ష్మంగా పని చేసినందుకు ఆశ్చర్యపడవచ్చు. సీసం విషమన్న మాట మాత్రం మరువరాదు. సీసపులవణంతో చేసిన తలరంగులకు ఇచ్చిన అనుమతిని అమెరికా ప్రభుత్వం రద్దు చేయ నిశ్చయించినది 2018లో. రెండువేల ఏండ్లు పట్టింది.

వెనీసు నగరపు స్త్రీలది ఇంకొక తీరు. 1590లో చెసారే వెచెల్లియో ప్రచురించిన వేషధారణల గ్రంథంలో బొమ్మతో సహా ఈ సంగతి ఉన్నది. ఇండ్ల కప్పుల మీద కట్టిన చెక్కమంచెలపై, మండుటెండలో, నడినెత్తి భాగం లేని వెడల్పాటి అంచుటోపీ పెట్టుకొని, జుట్టును ఆ రంధ్రం గుండా పైకి తీసి అంచు మీద పరచుకొని, ద్రావకంతో తడుపుకొంటూ గంటలు గంటలు కూర్చొనేవారు. జుట్టు బంగారువన్నె తిరగవలె, ముఖం మాత్రం ఎండకు కమలరాదు. ఆ టోపీ అంచులోనే వారి సౌందర్యశాస్త్రమంతా ఉన్నది. జుట్టుకూ చర్మానికీ సంబంధం ఉన్నదని వారు ఎరుగుదురు. కాని అది ఒకదానికొకటి నప్పడం కాదు. తెల్లని చర్మం, పచ్చని జుట్టు రెండూ సంపన్నురాలి గుర్తులు, అంతే.

ముస్లిముల సంప్రదాయంలో రంగు ఎంపికకు ధర్మం కొలమానమైంది. 630లో మక్కా వశమైన రోజున అబూబక్రు తండ్రి అబూ ఖుహాఫా నెరసిన తలతో వచ్చినప్పుడు, దానిని మార్చండి గాని నలుపు వద్దని ప్రవక్త చెప్పినట్లు హదీసులలో ఉన్నది. గోరింటాకు, కతం అనే ఆకు కలిపి వాడడం ప్రశస్తమైంది. దానివల్ల ముదురు ఎరుపు, గోధుమ వన్నెలు వస్తవి. హైదరాబాదు పాతబస్తీలో ఎర్రని గడ్డాల పెద్దలను చూచినవారికి ఆ వన్నె తెలిసినదే. అక్కడ దానిని ఖిజాబు అంటారు. గమనించవలసినదేమంటే ఈ రంగు వయసును దాచదు, దిద్దుతుంది. వృద్ధుడు వృద్ధుడుగానే కనబడతాడు, నిర్లక్ష్యంగా మాత్రం కనబడడు. తలరంగు చరిత్రలో ఇంత నిజాయితీ గల పద్ధతి ఇంకొకటి నాకు కనబడలేదు.

పారసీకులు దీనికి నీలిని జోడించినారు. ముందు గోరింటాకు, అది కడిగిన తరువాత నీలాకు పొడి ముద్ద. గోరింటలోని లాసోన్ అనే పదార్థం వెంట్రుకలోని మాంసకృత్తును పట్టుకొని నారింజ ఎరుపునిస్తుంది. నీలాకు తడిసి గాలి సోకినప్పుడు నీలవర్ణం పుడుతుంది. నారింజ మీద నీలం పడితే ముదురు గోధుమో నలుపో అవుతుంది. రెండవ ముద్దను ఎంతసేపు ఉంచినామన్న దానిని బట్టి ఎరుపు నుండి నలుపు దాకా ఏ మెట్టు మీదనైనా ఆగవచ్చు. మనవాళ్ళకు నీలి కొత్తది కాదు. పంతొమ్మిదవ శతాబ్దిలో కడప, నెల్లూరు మండలాలలో నీలిపంట విస్తారంగా ఉండేది. 1897లో జర్మనీకి చెందిన బాస్ఫ్ సంస్థ కృత్రిమనీలిని అంగడికి తెచ్చిన తరువాత ఆ తొట్లు ఎండిపోయినవి.

మనభాషలో జుట్టుకు నీలమనే పేరున్నది. తిరుపతి కొండమీద సమర్పించేవి తలనీలాలు. నెరసిన తలను అర్పించినా వాటిని తలనీలాలనే అంటాము. మేనికీ కురులకూ కలిపి మన ప్రాచీనులకు నచ్చిన వన్నె ఏదో ద్రౌపదిని చూస్తే తెలుస్తుంది. ఆమె పేరే కృష్ణ. నల్లని మేను, నల్లని వంకీల జుట్టు గలదిగా వ్యాసుడు వర్ణించినాడు. తెలుగుకావ్యాలలో స్త్రీకి పర్యాయంగా వాడే చామ అన్న మాట శ్యామాశబ్దభవమని నిఘంటువులు చెబుతున్నవి. ఆడది అనడానికి శ్యామ అనే జాతి మనది. చామనఛాయ అన్నప్పుడు గొంతు తగ్గించడం ఎప్పుడు మొదలైందో గాని, మాట పుట్టినప్పుడు మాత్రం అది తక్కువ మాట కాదు. ఇంకొక విశేషం. పెండ్లిచూపుల భాషలో పిల్ల తెల్లగా ఉన్నదనడం కన్న ఎర్రగా ఉన్నదనడం, పచ్చని ఛాయ అనడం మనకు అలవాటు. ఎరుపు, పసిమి, చామన, నలుపు అంటూ మనవాళ్ళు లేత ముదురులను మాత్రమే గాక, చర్మం కింద తొంగిచూచే వన్నెను కూడా పేర్కొన్నారు. సౌందర్యశాలలవారు ఇప్పుడు అండర్‌టోన్ అని చెబుతున్నది దానినే.

ఈ శాస్త్రగ్రంథాలన్నీ రాజులను, భోగులను ఉద్దేశించినవన్న మాట ఇక్కడ ఒకసారి అనక తప్పదు. భర్త పోగానే శిరోముండనం చేయించిన కుటుంబాల స్త్రీలకు రంగు ఎంపిక అన్న ప్రశ్నే లేదు. కందుకూరి వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతువివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. ఆ తరువాత కూడా చాలాకాలం ఎందరో బామ్మలు తెల్లపంచె కొంగును నెత్తిమీద నుండి జారనీయక బ్రతికినారు. తలరంగు చరిత్ర వ్రాసేవారు ఆ తలలను కూడా లెక్కలో ఉంచుకోవలె.

మేనిఛాయకు తగిన రంగు అన్న శాస్త్రం పుట్టినది తలల దగ్గర కాదు, తివాచీల దగ్గర. 1824లో మిషెల్ షెవ్రూల్ అనే రసాయనవేత్త పారిస్‌లోని గోబలాఁ చిత్రవస్త్రశాలలో అద్దకపుపనికి అధికారిగా వచ్చినాడు. అక్కడి నల్లనూలు మీద ఫిర్యాదులు వచ్చేవి. నీలం, ఊదా వస్త్రాల నీడలకు ఆ నల్లనూలు వాడితే నలుపు చాలడం లేదని నేతగాళ్ళు గొణిగేవారు. ఇతర కార్ఖానాల నల్లనూళ్ళు తెప్పించి పరీక్షించి చూస్తే తమ నూలులో లోపమేమీ లేదు. లోపం పక్కనున్న రంగులో ఉన్నది. ప్రక్కప్రక్కన ఉన్న రెండు రంగులు కంటికి ఒకదానిని ఒకటి మార్చివేస్తవని ఆయన గ్రహించి, 1839లో పెద్దగ్రంథం వ్రాసినాడు. తెల్లని చర్మానికి పచ్చవస్త్రం ఎరుపును ఉద్దీపింపజేస్తుందని, ఊదారంగు పాలిపోయినట్లు చూపుతుందని, నల్లజుట్టువారికీ పసిడిజుట్టువారికీ తగిన రంగులు వేరని అందులో వివరించినాడు. విస్తారమంతా ఐరోపావారి ఛాయల గురించే. తక్కిన మానవజాతికి కొద్దిపాటి పేరాలు దక్కినవి. ఈయన నూటరెండేండ్లు జీవించినాడు. పండిన తలతోనే జీవించినాడని ఛాయాచిత్రాలు చెబుతున్నవి.

షెవ్రూల్ మాటలో ఉన్న సారం మన ముసలివారికి బాగా పనికివస్తుంది. నలుపు పక్కన ఉన్నది మరింత తేలిపోయి కనబడుతుంది. వయసుతో చర్మం కాంతి తగ్గి, ముడుతలు పడిన ముఖం చుట్టూ కాటుకవంటి నలుపు పెడితే, జుట్టుకు ముప్పై ఏండ్లు తగ్గి ముఖానికి పది ఏండ్లు పెరుగుతవి. ఇరవైయేండ్లప్పుడు అదే నలుపు నప్పింది గదా అంటే, అప్పటి జుట్టు నిజానికి ఒకే నలుపు కాదు. ఎండకు కొంత ఎరుపు, మొదట్లో ముదురు, చివర లేత. సీసా రంగు మాత్రం మొదలు నుండి చివరిదాకా ఒకటే. విగ్రహానికి నూనె పూసినట్లుంటుంది.

సీసా కథ కూడా క్లుప్తంగా చెప్పవలె. హైడ్రోజన్ పెరాక్సైడుతో జుట్టును పసిడివన్నెకు తేవచ్చునని 1867 పారిస్ ప్రదర్శనలో ఇద్దరు చూపించినారు. 1856లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేండ్ల కుర్రవాడు తారు నుండి ఊదారంగు తీసిన నాటి నుండి కృత్రిమవర్ణాలు వెల్లువెత్తినవి. పారాఫినిలీన్ డయామిన్ అనే పదార్థం పెరాక్సైడుతో కలిసి వెంట్రుక లోపల రంగుగా మారుతుందని తెలిసింది. 1907లో యూజీన్ షుయెల్లర్ అనే ఫ్రెంచి రసాయనవేత్త తాను తయారుచేసిన రంగును పారిస్ క్షురకులకు అమ్మడం మొదలుపెట్టి, 1909లో సంస్థ స్థాపించినాడు. అదే తరువాత లోరియాల్ అయింది. ఇప్పటి శాశ్వతవర్ణాలలో అధికభాగం ఈ మార్గంలోనివే. ఈ పదార్థం పడనివారికి తల, కనురెప్పలు వాచి, దురదతో నీరు కారుతుంది. అమెరికా చర్మవైద్యుల సంఘమొకటి 2006లో దీనిని ఆ యేటి ప్రధాన అలర్జీకారకంగా ప్రకటించింది. ఐరోపాలో తలకు పట్టించే మిశ్రమంలో ఇది నూటికి 2 పాళ్ళకు మించరాదన్న నియమం ఉన్నది. చెవి వెనుక కాస్త రాసి 48 గంటలు ఆగి చూడమని పెట్టెమీద చిన్న అక్షరాలతో వ్రాస్తారు. పెండ్లికి ముందురోజు సాయంత్రం పెట్టె తెరిచేవారికి ఆ 48 గంటలు ఎక్కడివి? నల్లగోరింట అని తిరునాళ్ళలో చేతులకు పెట్టేదానిలోనూ తరచుగా ఇదే ఉంటుంది. గోరింటాకు నల్లగా పండదు. నల్లగా పండితే అది గోరింటాకు ఒక్కటే కాదు.

మొన్నామధ్య మా మేనకోడలు వరుసైన పిల్ల ఒక అంగడిలో రంగుల పట్టిక తెరిచి నా ముందు పెట్టింది. అట్ట మీద వరుసలుగా వెంట్రుకల కుచ్చులు, ఒక్కొక్కదానికి ఒక సంఖ్య. "మామయ్యా, నా ఛాయకు ఏది నప్పుతుందో మీరు చెప్పండి, ఈ అమ్మాయిని అడిగితే అన్నీ నప్పుతాయంటున్నది" అన్నది. ఆ అంగడి అమ్మాయి మాటలో వ్యాపారమున్నా, అబద్ధం కన్న పెద్ద చిక్కు ఆ పట్టికలోనే ఉన్నది. ఆ కుచ్చులు తెల్లని నారకు రంగు వేసి చూపినవి. రంగు ఎప్పుడూ చీకటిని పెంచుతుంది గాని తగ్గించదు. మన నల్లజుట్టు మీద అదే రంగు ఎండలో మెరిసే ఒక ఛాయగా మాత్రమే తేలుతుంది. పట్టికలో ఉన్నట్లే రావలెనంటే ముందు సహజమైన నలుపును పెరాక్సైడుతో కడిగివేయవలె. ఆ నలుపు పోతూ పోతూ ఎరుపు, నారింజ, పసుపు అన్న మెట్లు దిగుతుంది. పసుపు మెట్టు దాకా దిగిన వెంట్రుక చెరకుపిప్పి వలె పెళుసౌతుంది. మన చామనఛాయకు నారింజ మెట్టు దాటకుండా ఆగే గోధుమ, రాగి, ముదురుఎరుపు వన్నెలు నప్పడానికి కారణం కూడా ఇదే. అవి మన నలుపులోనే దాగి ఉన్న వన్నెలు. బూడిదవన్నె గోధుమలు పసిమి ఛాయ మీద పాలిపోయినట్లు చూపుతవి. ఎర్రని ఛాయవారికి ద్రాక్షరంగు కలిసిన ముదురువన్నెలు కుదురుతవి. ఇది నా కంటితీర్పు, శాసనం కాదు. నప్పడం అన్న మాటలోనే చూచేవాడి కన్ను కూడా ఉన్నది.

ఆ కుచ్చుల పట్టికను చూచినప్పుడు నాకు ఇంకొక పెట్టె గుర్తుకు వచ్చింది. 1907లో ఆయిగెన్ ఫిషర్ అనే జర్మను మానవశాస్త్రజ్ఞుడు ముప్పై వెంట్రుకల కుచ్చులను సంఖ్యలు వేసి ఒక పెట్టెలో అమర్చినాడు. మరుసటి సంవత్సరం ఆఫ్రికాలో, ఇప్పటి నమీబియాలో, రెహోబోత్ అనే చోట మిశ్రమసంతతివారిని వరుసగా నిలబెట్టి కొలతలు తీసి జాతులు మిశ్రమమైతే ఏమౌతుందో తేల్చబూనినాడు. అదే కాలపు ఫెలిక్స్ ఫాన్ లూషాన్ చర్మాన్ని 36 గాజుబిళ్ళలతో పోల్చే పట్టిక తయారు చేసినాడు. ఫిషర్ 1927లో బెర్లిను మానవశాస్త్రసంస్థకు అధిపతి అయినాడు. ఆయన సిద్ధాంతాలు నాజీల జాతిశాస్త్రానికి ఆలంబనమైనవి. అంగడిపట్టిక ఆ పెట్టె నుండే పుట్టినదని నేననను. అది వ్యాపారులు అద్దకపునూలుకు వాడిన నమూనాల అట్ట వంటిది. కాని మనిషి వెంట్రుకకు సంఖ్య వేసి, దాని పక్కన మనిషిని నిలబెట్టి పోల్చడం చూచినప్పుడల్లా నాకు మనసులో కలుక్కుమంటుంది.

ఛాయలను వర్గాలుగా విభజించే సరదా తరువాత కూడా ఆగలేదు. 1975లో హార్వర్డు వైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ చర్మాన్ని తరగతులుగా విభజించినది అందం కోసం కాదు. కాంతిచికిత్సలో ఎవరికెంత కిరణం పట్టించవచ్చునో నిర్ణయించడానికి. మొదట నాలుగే తరగతులు, మనవంటి ఛాయలకు తరువాత రెండు కలిపినారు. 1980లో కారల్ జాక్సన్ వ్రాసిన అమెరికా పుస్తకమొకటి మనుషులను నాలుగు ఋతువులుగా పంచి, ఏ ఋతువువారికి ఏ వస్త్రం, ఏ జుట్టురంగు నప్పుతుందో చెప్పింది. లక్షలాదిగా అమ్ముడుపోయింది. అందులో ఆసియావారు, ఆఫ్రికావారు చాలామట్టుకు హేమంతం కింద పడినారు. ఋతువులు ఆరు గల దేశంవారిని, ఎరుపు, పసిమి, చామన, నలుపు అని నాలుగు మాటలు గల భాషవారిని తెచ్చి ఒక్క చలికాలంలో పడవేస్తే ఏమనవలె?

మా పిల్ల ఆ రోజు ఏ పెట్టే కొనలేదు. గోరింటాకు పొడి, నీలాకు పొడి వేరువేరుగా తెచ్చుకొని, నీలిముద్దను ఎంతసేపు ఉంచితే ఎంత ముదురు వస్తుందో రాలిన వెంట్రుకల మీద పరీక్షించుకొన్నది. గంటసేపటిది తనకు నచ్చినదట. పొడి కొనేటప్పుడు పొట్లం మీద అందులో ఏమేమున్నవో చదవడం అవసరం. మూలికల పేరుతో అమ్మే పొడులలో కూడా పారాఫినిలీన్ డయామిన్ కలిపినవి ఉన్నవి.

ఇక మన తలనీలాల సంగతి. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించే జుట్టును దేవస్థానం పొడవును బట్టి వేరుచేసి వేలం వేస్తుంది. 2011 నుండి ఆ వేలం ఇంటర్నెట్టు ద్వారా జరుగుతున్నది. 2004లో ఈ జుట్టు విగ్రహారాధనకు సంబంధించినదా కాదా అన్న చర్చ యూదుల మతపెద్దల మధ్య వచ్చి, ఒక ప్రసిద్ధ గురువు నిషేధం చెప్పగా, న్యూయార్కు బ్రూక్లిన్‌లో స్త్రీలు తమ సవరాలను వీధులలో కాల్చివేసినారు. మన తెలుగుపల్లెల ఆడవారి జడలు అంతదూరం వెళ్ళినవని చాలామందికి ఆ వార్తతోనే తెలిసింది. అలా ఎగుమతి అయిన జుట్టును విదేశపు కార్ఖానాలలో ముందు ద్రావకపుతొట్లలో నానబెట్టి నలుపంతా తీసివేస్తారు. ఎరుపు, నారింజ, పసుపు మెట్లు దిగి, పాలిపోయిన గడ్డివన్నెకు వచ్చిన తరువాత, కొనేవారి మేనికి నప్పేటట్లుగా పట్టికలోని సంఖ్యల ప్రకారం మళ్ళీ రంగు వేస్తారు.